పట్టుస్నానము

గడచిన ఆదివారము రాత్రి వీచిన గాలివానకు వేపకొమ్మ విరిగి మీద పడుటచేత, మా యింటికి అంతర్జాలమును మోసికొనివచ్చు నల్లని తీగ స్తంభమునుండి జారి, ప్రహరీగోడమీద పాము విడిచిన కుబుసమువలె వ్రేలాడసాగినది. తెల్లవారిన పిదప ఆ సంస్థవారికి ఫిర్యాదు చేసితిని. అర నిమిషములో నా సెల్‌ఫోనునకు సమాధానము వచ్చినది: "మీ సమస్య పరిష్కరించబడుటకు 72 గంటల సమయం తీసుకోబడుతుంది." తీగ జారినందుకు నాకు కోపము రాలేదు, గాలివానతో తగవు పెట్టుకొను వయస్సు కాదు నాది. ఈ వాక్యమును చదివిన పిదప మాత్రము చేతిలోని కాఫీ చేదైనది.

ఈ శీర్షికను ఓపికతో చదువుచున్నవారికి 'బడు' అను రెండక్షరములతో నాకు గల చిరకాలవైరము తెలియనిది కాదు. ఆ వైరమును గురించి నేనింతవరకు ఎన్ని పర్యాయములు వ్రాసితినో లెక్క పెట్టినవారు కూడ కలరు. వారిలో ఒకరు పదునేడు అని తేల్చి, ఆ అంకెను మాత్రమే ఒక కార్డుమీద వ్రాసి, సంతకమైనను చేయక నాకు పంపిరి. కావున పదునెనిమిదవమారు ఆ జోలికి పోను. నన్ను బాధించినది రెండవ ముక్క. సమయమును తీసికొనుట యేమి? ఎవరు తీసికొందురు, ఎవరివద్దనుండి తీసికొందురు, తీసికొన్నది మరల ఎప్పుడిత్తురు? తెలుగువాడు పనికి సమయము 'పట్టు'నని చెప్పును. బిందెకు ఇన్ని చెంబుల నీళ్ళు పట్టినట్లే, పనికి ఇంత కాలము పట్టును; పని యనునది ఒక పాత్ర, కాలము దానిలో నిండునది. ఇంతటి ముచ్చటైన ఊహ ఇంటనుండగా పొరుగింటి 'తీసుకొను'టను అరువు తెచ్చుకొనుట యెందులకని, ముసలితనపు చాదస్తముకొలది ఆ సంస్థకు ఫోను చేసితిని. ఒక అమ్మాయి పలికినది.

"అమ్మా, సమయం తీసుకోబడదు. పడుతుంది" అంటిని.

"ఏం పడుతుంది సార్?"

"సమయం."

కొంతసేపు నిశ్శబ్దము. తరువాత మిక్కిలి మర్యాదగా, "వైరు పడిపోయిందని కంప్లయింటు ఉంది సార్. ఇంకేమైనా పడిందా?" అన్నది.

ఫోను పెట్టివేసిన వెనుక చాలసేపు నవ్వుకొంటిని. నవ్వు చల్లారిన పిదప, తప్పు ఆ పిల్లది కాదని తోచినది. గ్రాంథికమున 'పట్టును' వేరు, 'పడును' వేరు. వాడుకలోనికి దిగినంతనే, 'కొట్టు' కొడుతుంది యైనట్లు, 'పెట్టు' పెడుతుంది యైనట్లు, 'పట్టు' పడుతుంది యై, పుట్టుకతోనే పడుతుంది యైన 'పడు' ప్రక్కన నిలువబడును. ఇక వీరిద్దరిని ఆనవాలు పట్టుట ఎవరి తరము? నిద్ర పడుతుంది, వాన పడుతుంది. ఒకటి పట్టుకొనునది, ఒకటి రాలునది, వేషము మాత్రమొక్కటే. జరిగిపోయిన కథ చెప్పునప్పుడు గాని వేషము తొలగదు: నిద్ర పట్టింది, వాన పడింది. గుంటూరు, కృష్ణా మండలములలోని పల్లెవాసులు మాత్రము 'టైము పట్టుద్ది', 'వాన పడుద్ది' అని నేటికిని రెంటిని వేరుపరచియే పలుకుచుందురు. ఆ 'ద్ది'ని విని నవ్వు నాగరికులమైన మనము కోల్పోయిన భేదమును ఆ మొరటు మాట పదిలముగా దాచుకొన్నది. వ్యాకరణము చదువుకొన్నవాని నోట పోయినది చదువుకొననివాని నోట నిలిచియుండుట నేను తరచుగా చూచుచునే యున్నాను. ఇదియు నా పాత పాటయే.

ఆ దినమంతయు ఈ మాట నన్ను విడువలేదు. తెల్లవారుజామున లేచునప్పటికే మెడ పట్టియుండెను; కిటికీ తెరచితినా, ఆకసము మబ్బు పట్టియుండెను; కుళాయి వచ్చు వేళయైనది నీళ్ళు పట్టుమని మా యావిడ కేక; రాగిచెంబు చిలుము పట్టినదని దానికి చింతపండు పట్టించుట; ప్రక్కవాటాలోని కోడలు పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టుచు, వాడు మ్రింగక ఉమియగా, వీనికేమి పట్టినదోయని విసుగుకొనుట; మధ్యాహ్నము గోధుమలు గిర్నీలో పిండి పట్టించుకొని రమ్మను ఆజ్ఞ; గిర్నీకి పోవుటకు బస్సు పట్టుకొనుట; బస్సులో ఇంతమంది పట్టరని కండక్టరు, పట్టుదురని ప్రయాణికులు; కూరముక్కకు ఉప్పు పట్టలేదని రాత్రి భోజనము దగ్గర నేను చేసిన ఫిర్యాదు, అది ఆమెకు పట్టకపోవుట; తుదకు ఒంటిగంట కొట్టినను నిద్ర పట్టకపోవుట. ఇంటిపట్టున ఊరక కూర్చుండు మనుష్యుని జీవితములో ఒక్కనాటిలోనే ఈ మాట ఇన్ని పనులు చేయుచున్నది.

వీనిలో నేను పట్టినవి నాలుగో అయిదో. తక్కినవన్నియు నన్ను పట్టినవి. మెడను నేను పట్టలేదు, మబ్బును నేను పట్టలేదు, నిద్ర నాకు పట్టవలెనే గాని నేను దానిని పట్టజాలను. పిచ్చి, దయ్యము, శని, అదృష్టము, చెమట, ముసురు, ఇవన్నియు తమంతట తాము వచ్చి పట్టునవే. తెలుగువాని లోకములో మనుష్యుడు అంత గొప్ప కర్త కాడు. 'పట్టించుకొను' అను మాటను నిదానముగా విడదీసి చూచినప్పుడు నాకొక్కసారి ఒడలు జలదరించినది. పట్టు, ఇంచు, కొను. ఒకరి కష్టమును పట్టించుకొనుట యనగా, ఆ కష్టముచేత తన్ను తాను పట్టింపజేసికొనుట యని అర్థము తీసితిని. ప్రక్కనుండి పోవుచున్నదానిని పిలిచి, నన్ను పట్టుకొమ్మని చేయి చాపుట. ఇది సరియైన వ్యుత్పత్తి యగునో కాదో పండితులు చెప్పవలెను. నా వ్యుత్పత్తులకు ఎంత విలువ కలదో ఈ క్రింద చెప్పబోవు కథవలన మీకే తెలియగలదు.

నాకు తొమ్మిదవ యేడు. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16, మాఘ బహుళామావాస్య. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటకమునుండి మన సీమలో ప్రవేశించి, పాలమూరు, నల్లగొండ మీదుగా ఈశాన్యమునకు సాగి పూరీ వద్ద సముద్రమును చేరినది. జపాల్-రంగాపురములోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు సవరించుకొని కూర్చుండగా, అచ్చటికి ఎంతో దూరము లేని నల్లగొండ దగ్గరి పల్లెలో, మా అమ్మమ్మ ఊరగాయ జాడీలమీద దర్భలు వేయుచుండెను. బడిపంతులైన మా మేనమామ, కిరసనాయిలు బుడ్డిపొగకు నల్లబరచిన గాజుముక్క నొకదానిని జేబులో దాచుకొని వీధిలోనికి పోజూచుచు, తల్లి కన్ను తనపై నుండుటచేత గడప దాటలేక, వసారాలో అటునిటు తిరుగుచుండెను.

గ్రహణమునకు రెండు స్నానములు. పట్టినప్పుడొకటి, విడిచిన పిదప నొకటి, పట్టుస్నానము, విడుపుస్నానము. ఈ వివరము నాకెవ్వరును చెప్పలేదు. నాకు తెలిసినదెల్ల నేను కన్నులార చూచినది. మధ్యాహ్నము భోజనములు ఎప్పుడో ముగిసి, పాత్రలన్నియు కడిగి బోర్లించిన పిదప, అమ్మమ్మ నూతివద్ద తలమీదుగా నాలుగు చేదల నీళ్ళు గ్రుమ్మరించుకొని, దండెముమీద ఎవ్వరును తాకకుండ కర్రతో ఆరవేసిన ముదురు కెంపు వన్నె పట్టుచీరను కట్టుకొని, జపమాలతో నడిమింటిలో పీట వేసికొని కూర్చుండెను. "పట్టుతానమయిందారా?" అని నన్నడిగెను. స్నానము చేసి పట్టు కట్టుకొన్నది గనుక పట్టుస్నానమని నాకు సందేహము లేక బోధపడినది. నాకు పట్టు లేదు. చిన్న అంగవస్త్రము చుట్టినారు. కావున నాది పట్టుస్నానము కాజాలదని, "కాలే" అంటిని. "చేయలేదా!" అని ఆమె ఉలికిపడి, మరల నూతికి తరిమెను. ఆ దినమున నేను రెండు మారులు పట్టుస్నానము చేసినవాడను.

తలుపులన్నియు మూసిరి. కిటికీలకు దుప్పట్లు కట్టిరి. ఇత్తడిపళ్ళెములో నీళ్ళు పోసి, దాని నడుమ రోకలిని నిలువుగా నిలిపిరి; గ్రహణము పట్టియున్నంతసేపు రోకలి నిలుచునని, విడిచినంతనే తానై పడునని చెప్పిరి. నేను రోకలిని చూచుచు కూర్చుంటిని. చూపు దానిమీదనే నిలుపవలెనని నిశ్చయించుకొంటిని గాని, ఇంతలో నేలమీద ఏమో కదలినది.

అది గూనపెంకుల ఇల్లు. పెంకుల సందులనుండి జారు ఎండ, పేడతో అలికిన నేలమీద నిత్యము పాత రూపాయి బిళ్ళలంత గుండ్రని మచ్చలై పడుట నాకు అలవాటైన దృశ్యమే. ఆనాడు ఆ మచ్చలు గుండ్రముగా లేవు. ప్రతి మచ్చను ఎవరో ఒక ప్రక్కనుండి కొరికినట్లుండెను. చూచుచుండగానే కొరుకుడు పెరిగినది. కొంతసేపటికి ఇంటినిండ చవితి చంద్రులు: నేలమీద, గాదెపైని, గోడకు చేరవేసిన చాపమీద, పళ్ళెములోని నీళ్ళ అంచున, కన్నులు మూసికొని జపము చేయుచున్న అమ్మమ్మ పట్టుకొంగుమీద. కెంపు రంగు పట్టుపై ఆ వంకర వెలుగులు సరిగతో నేసిన బుటాలవలె నుండెను. బయటికి పోయి చూడరాదని ఏ సూర్యుని విషయమై మమ్ము ఇంటిలో పెట్టి తలుపులు మూసిరో, ఆ సూర్యుడు పెంకుల సందున దూరి, ముప్పదియో నలుబదియో రూపములు దాల్చి, మా నడుమనే కూర్చుండెను. చిన్న రంధ్రము గుండ వచ్చు వెలుగు, రంధ్రపు ఆకారమును గాక, తాను బయలుదేరిన బింబపు ఆకారమునే గోడపై వ్రాయునని తరువాత చదువుకొంటిని. ఆనాడు మాత్రము చెప్పవలెనని నోరు తెరచి, చెప్పినచో పెంకుల సందులు కూడ మూయుదురని భయపడి, మూసికొంటిని.

మూడు దాటి అరగంటకు పైగా గడచియుండును. చంద్రవంకలు సన్నబడి, గోరు తీసి పారవైచినంతయై, ఒక్కుమ్మడిగా మాసిపోయినవి. ఇల్లు చీకటియైనది. దొడ్డిలో కోళ్ళు గూటికి చేరుచున్న అలికిడి, చింతచెట్టుమీద పక్షుల కలకలము, పిదప ఏమియు లేదు. రెండు నిమిషములకు పైగా ఆ నిశ్శబ్దముండెను. వసారాలో మా మామ అడుగుల చప్పుడు కూడ ఆగిపోయినది. అతడా సమయమున గడప ఎటు ప్రక్కనుండెనో ఆయన జీవించినంతకాలమును చెప్పలేదు. తరువాత ఒక కోడి కూసినది. నేలమీద చంద్రవంకలు తిరిగి వచ్చినవి, ఈసారి ఎదురు దిక్కునకు వంగి.

గ్రహణము విడిచినదని పంచాంగము చూచి చెప్పిరి. అందరమును రోకలివైపు చూచితిమి. రోకలి పడలేదు. అయిదు నిమిషములైనను పడలేదు, దీపాలవేళయైనను పడలేదు. దానికి అడుగున వెడల్పైన ఇనుపపొన్ను కలదు. ఏ దినమున నిలిపినను అది నిలుచునట్టిదే. అమ్మమ్మ దానిని కొంతసేపు తేరిపార చూచి, "దీనికింకా పట్టు విడువలేదు" అని, చేతితో తీసి మూలకు పెట్టెను. పిమ్మట మరల నూతికి పోయి, విడుపుస్నానము చేసి, పట్టుచీర విడిచి నూలుచీర కట్టుకొనెను. పట్టు కట్టిన స్నానము పట్టుస్నానము, పట్టు విడిచిన స్నానము విడుపుస్నానము. నా సిద్ధాంతమున కింతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆ సిద్ధాంతము చాలకాలము నన్ను విడువలేదు. గ్రహణమను సంస్కృతశబ్దమునకు అర్థమే పట్టుకొనుట యనియు, పట్టుస్నానమందలి పట్టు అదియే యనియు పెద్దవాడనైన పిదప తెలిసికొంటిని. తెలిసికొని సిద్ధాంతమును విడుచుటకు మారుగా, దానిని వెనుకకు త్రిప్పితిని. స్నానమునకు చీరనుండి పేరు రాకున్న, చీరకే పట్టుకొనుటనుండి పేరు వచ్చియుండునని, నాలుగేండ్ల క్రిందట ఈ శీర్షికలోనే, "రంగును చక్కగా పట్టును గనుక పట్టు" అని నిబ్బరముగా వ్రాసితిని. అది అబద్ధము. పట్టువస్త్రపు పట్టు సంస్కృతమందలి 'పట్ట' శబ్దమునుండి వచ్చినది; పట్టాభిషేకము, పట్టమహిషి ఆ కుదురువారు. చేతితో పట్టుకొను పట్టు అచ్చముగా ద్రావిడము. తమిళులు దానిని 'పఱ్ఱు' అని వ్రాసి 'పట్రు' అని పలుకుదురు. మన చుట్టు వారికి చుఱ్ఱు, మన పుట్ట వారికి పుఱ్ఱు, అట్లే మన పట్టు వారికి పఱ్ఱు. బరో, ఎమెనో పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూచినవారికి ఇందు సందేహముండదు. నాకు మాత్రము సందేహము లేకపోవుటకు మారుగా దుఃఖము కలిగినది. కెంపు చీరమీది ఆ చంద్రవంకలను ఎవరో నిఘంటువు అంచుతో గీకివేసినట్లనిపించినది.

ఆ పాత వ్యాసమునకు ధర్మవరమునుండి ఒక నేతగాడు వ్రాసిన ఉత్తరము ఇన్నాళ్ళును నా బల్ల సొరుగులో నున్నది, జవాబీయలేదు. నా వ్యుత్పత్తిని గురించి ఆయనకు పట్టింపు లేదు. ఆయన అభ్యంతరమంతయు రంగును గురించి. పట్టు రంగును పట్టునన్నది నిజమే గాని, గూటినుండి తీసిన దారము తీసినట్లే రంగునకు లొంగదనియు, దానిని అంటుకొని ఒక సహజమైన బంక యుండుననియు, సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఉడికించి ఆ బంకను పోగొట్టినప్పుడు గాని దారమునకు మెత్తదనమును నిగనిగయు రావనియు, ఆ ఉడుకులో పట్టు బరువు ఇంచుమించు నాలుగవపాలు తరిగిపోవుననియు వివరించి, చివరకు ఇట్లు వ్రాసెను: "పట్టుకు రంగు పట్టాలంటే ముందు దాని పట్టు వదిలించాలండి." వేర్వేరు కుదుళ్ళ రెండు పట్టులను ఆ నేతగాడు మూడు ప్రయోగములుగా ఒక్క వాక్యములో ఎట్లు నేసెనో చూడుడు. బరోగారు వీనిని వేరుచేయుట న్యాయమే. ధర్మవరములో అవి మరల కలిసినవి.

ఇంతవరకు వ్రాసిన పిదప నా ఫిర్యాదుపత్రము కొంచెము సడలినట్లు తోచుచున్నది. ఎక్కడినుండియో వచ్చిన పట్టమును ఇంటి పట్టు ప్రక్కన పీట వేసి కూర్చుండబెట్టినవారు, 'పడుతుంది' యను ఒక్క కప్పు క్రింద రెండు క్రియలచేత కాపురము చేయించుచున్నవారు, 'తీసుకొను'టను మాత్రము గడప బయట ఎందుకు నిలుపవలెను? విశ్రాంతి తీసికొనుట, జాగ్రత్త తీసికొనుట, నిర్ణయము తీసికొనుట, ఇవన్నియు ఎప్పుడో లోపలికి వచ్చి కాళ్ళు కడుగుకొన్నవి. అనుమానము వచ్చి గతవారపు నా వ్యాసమునే తీసి చూచితిని. మూడవ పేరాలో 'తగిన శ్రద్ధ తీసికొని' అని నా చేవ్రాతయే. ఒక్కరును ఆక్షేపింపలేదు, కార్డుమీద లెక్క వ్రాయు ఆ మహానుభావుడు కూడ. సమయమును ఎవరు తీసికొన్నను ఇకమీద నేను ఫోను చేయను. 'బడు'ను మాత్రము క్షమింపలేను. అది వేరు సంగతి.

72 గంటలు గడచినవి. మరి రెండు దినములును గడచినవి. శనివారము ఉదయమున ఒక యువకుడు భుజముమీద నిచ్చెనతో వచ్చి, తీగను, స్తంభమును, వేపచెట్టును క్రిందినుండి మీదికి చూచెను. మాటనుబట్టి గుంటూరు వైపువాడు.

"ఎంతసేపు పడుతుంది నాయనా?" అంటిని.

"పది నిముషాలు పట్టుద్దండి."

నాకు గుండె ఝల్లుమన్నది. మబ్బువైపు చూపి, "మరి వాన?" అంటిని.

"సాయంత్రానికి పడుద్దండి" అని అతడు నిచ్చెనను గోడకు చేరవేసి, "అడుగున జారుద్ది, కాస్త గట్టిగా పట్టుకోండి సార్" అని మీదికెక్కెను.

పట్టుకొంటిని. పది నిమిషములు గాక ఇరువది పట్టినది. ఎండ మొగముమీద పడుచున్నను, భుజములు నొచ్చుచున్నను, తలయెత్తి అతని మడమలవైపు చూచుచు అట్లే నిలుచుంటిని. తుదకు పైనుండి, "అయిపోయిందండి, ఇంక వదిలెయ్యండి" అన్నాడు. వాడు నేల దిగువరకు విడువలేదు.